పాత ఎస్‌యూవీలో కుదుపు, తగ్గిన పికప్: పార్టు కొనే ముందు చేయాల్సిన పరీక్షలు

వాహన యజమానుల కోసం ఒక మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

పదేళ్ళు దాటిన ఎస్‌యూవీ, లక్షన్నరో రెండు లక్షలో కిలోమీటర్లు తిరిగింది అనుకుందాం. యజమాని షెడ్డుకొచ్చి ఏం చెబుతారు? "బండి ఇదివరకటిలా లేదండీ. కుదుపు ఎక్కువైంది, కింద ఏదో కొట్టుకుంటోంది, పికప్ పోయింది." ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ ఒక్క మాటలో మూడు నాలుగు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా పనిలోకి దిగితే ఏమవుతుంది? ముందు షాక్ అబ్జార్బర్లు, అదే మనం షాకర్లు అంటాం, మారుస్తారు. శబ్దం అలాగే ఉంటుంది. లోయర్ ఆర్ములు, అంటే చక్రాన్ని బండికి కలిపే కింది చేతులు, మారుస్తారు. కొంచెం తగ్గినట్టు ఉంటుంది. పికప్ కోసం ఇంజనులోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు విప్పుతారు. డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, జబ్బు ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే. పాత బండి మీద ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు. చెయ్యి పెట్టి చూడకుండా, కొలవకుండా పార్టు కొనడమే తప్పు. ఈ గంటసేపూ నేను చెప్పేది ఇదే: మార్చే ముందు పట్టి చూడండి, కొలిచి చూడండి.

ఇంకో సంగతి. బండి ఒక్కరోజులో పాడవదు. నెలనెలా కొంచెం కొంచెంగా వదులవుతుంది. రోజూ నడిపే మనిషికి అది అలవాటైపోతుంది. అందుకే ముందుగా ఒక కాగితం తీసుకోండి. ఏ శబ్దం, ఎంత వేగంలో, ఏ రకం రోడ్డు మీద, బ్రేకు వేసినప్పుడా, మలుపులోనా, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఇవన్నీ రాయండి. మెకానిక్‌కి ఆ కాగితం సగం పని చేసి పెడుతుంది.

మొదట టైర్లు. మీలో కొందరు "టైర్ల గురించి మాకు తెలుసులే" అనుకుంటూ ఉంటారు. తెలుసు, కానీ చూడరు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017వ సంవత్సరంలో 23వ వారంలో తయారైన టైరని అర్థం. అరుగుదల బాగానే కనిపించినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటే ప్రతి చిన్న గతుకూ సీటులోకి వస్తుంది. అప్పుడు షాకర్లు మార్చి ఏం లాభం? గాలి కూడా చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్న అంకె ప్రకారం చూడండి. టైరు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి వేరు, మీ బండికి కావలసిన ఒత్తిడి వేరు.

తర్వాత టైరు ఎలా అరిగిందో చూడండి. కళ్ళతో చాలదు, అరచేతితో తడమండి. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటో, అంటే చక్రాల కోణాల అమరికో, కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్ వదులవడమో కారణం. ఒకవైపు తడిమితే నున్నగా, వెనక్కి తడిమితే గరుకుగా అంచులు తగిలితే టో, అంటే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిగా లేదు. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడ్డట్టు ఉంటే మాత్రం షాకర్‌ని అనుమానించాలి. ఎందుకో చెబుతాను.

స్ప్రింగు బరువు మోస్తుంది. షాకర్ బరువు మోయదు, ఊపు ఆపుతుంది. ఊయలని ఒకసారి తోసి వదిలేస్తే చాలాసేపు ఊగుతుంది కదా, షాకర్ లేని స్ప్రింగు కూడా అంతే. బండిలో రెండు రకాల ఊపులు ఉంటాయి. బాడీ సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు పైకీ కిందకీ ఊగుతుంది. చక్రం మాత్రం సెకనుకి పది నుంచి పదిహేను సార్లు గంతులు వేయగలదు. బానెట్ మీద చేతులు పెట్టి నొక్కి వదిలి చూస్తాం చూడండి, అందరూ చేసే పరీక్ష. అది మొదటి ఊపుని మాత్రమే చూపిస్తుంది. అందులో తప్పితే షాకర్ పోయినట్టే. కానీ అందులో పాసైతే షాకర్ బాగున్నట్టా? కాదు. చక్రం గంతులు వేస్తోందో లేదో ఆ పరీక్ష చెప్పదు. చెప్పేది టైరు. చక్రం నేలని వదిలి మళ్ళీ తాకిన ప్రతిచోటా రబ్బరు కొంచెం కొంచెంగా పోయి ఆ గుంటలు పడతాయి. చక్రం గాలిలో ఉన్న ఆ క్షణంలో బ్రేకు పనిచేస్తుందా? చేయదు. గతుకుల రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఎక్కువ దూరం జారుకుంటూ పోయేది అందుకే. షాకర్ సుఖం కోసం అనుకుంటాం, నిజానికి అది బ్రేకులో భాగం.

షాకర్ మీద నూనె గురించి కూడా చెప్పాలి. రాడ్డు సీలు దగ్గర పల్చగా నూనె మరక, దాని మీద ధూళి ఉంటే కంగారు పడకండి, అది మామూలే. నూనె కిందికి కారి, షాకర్ సగం వరకు తడిగా, మట్టి ముద్దలా అంటుకుని ఉంటే అది పోయింది. మార్చేటప్పుడు ఒకే ఇరుసుకి రెండూ కలిపి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బ్రేకులో, మలుపులో బండి రెండువైపులా రెండు రకాలుగా కదులుతుంది.

ఎత్తు కొలవడం మర్చిపోకండి. చదునైన నేల మీద బండి పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు చోట్లా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్కలోకి వచ్చేస్తుంది, అందుకే చక్రం మధ్య నుంచి. కుడి ఎడమలకి స్పష్టమైన తేడా ఉంటే స్ప్రింగు కుంగిందో, కింది చుట్టు విరిగిందో. కాయిల్ స్ప్రింగు చివరి చుట్టు విరిగితే ముక్క అక్కడే కూర్చుని ఉంటుంది, టార్చి వేసి వెతికితేగానీ కనపడదు. వెనక కమాన్ కట్టలున్న (పట్టీల స్ప్రింగులున్న) బండైతే పట్టీల మధ్య పగులు, కట్ట చివర బండికి వేలాడదీసే షాకిల్‌లోని బుష్ చూడండి.

ఇక శబ్దాలు. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడుకుందాం, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చిన్న చిన్న గతుకులకి టకటకమని శబ్దం. ఎక్కువ బండ్లలో ఇది లింక్ రాడ్డు. మలుపులో బండి వాలకుండా రెండువైపుల చక్రాలనీ కలిపే కడ్డీ స్టెబిలైజర్ బార్, దాన్ని సస్పెన్షన్‌కి (స్ప్రింగులూ ఆర్ములూ ఉన్న చక్రాల అమరికకి) కలిపే చిన్న కడ్డీ ఇది. దీన్ని ఎలా నిర్ధారించాలి? స్పీడ్ బ్రేకర్ ఉంది కదా. మొదట రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిటారుగా వెళ్ళండి. తర్వాత ఒక పక్క చక్రం మాత్రమే ఎక్కేలా వెళ్ళండి. రెండు చక్రాలూ కలిసి లేస్తే స్టెబిలైజర్ బార్ మెలిపడదు, లింక్ రాడ్డు మీద పెద్దగా బరువు పడదు. ఒక చక్రమే లేస్తే బార్ మెలిపడుతుంది, లింక్ రాడ్డు లాగబడుతుంది. ఒక చక్రానికే శబ్దం వచ్చి, రెండిటికీ కలిపి రాకపోతే మీరు వెతికేది దొరికినట్టే. తర్వాత బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి ఆ కడ్డీని గట్టిగా కదిపి చూడండి. జాయింటులో వదులుంటే చేతికి టక్కుమని తెలుస్తుంది. విప్పాల్సిన పని కూడా లేదు.

బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి ధబ్ మని, మళ్ళీ కదిలేటప్పుడు ఇంకోసారి. అది లోయర్ ఆర్మ్ బుష్ అయ్యే అవకాశం ఎక్కువ. బ్రేకు వేస్తే చక్రం వెనక్కి లాగబడుతుంది, ఆ బుష్షే దాన్ని ఆపాలి. ఇక్కడ దగ్గరగా చూడాలి. బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో గొట్టం, మధ్యలో రెండిటికీ అతుక్కుపోయిన రబ్బరు. రబ్బరు పైన సన్నటి గీతల్లా పగుళ్ళు ఉంటే అది వయసు, దానికి భయపడక్కర్లేదు. రబ్బరు గొట్టం నుంచి ఊడి, మధ్యలో చంద్రవంకలా సందు కనిపిస్తే అది పోయింది. పొడవాటి రాడ్డు పెట్టి ఆర్మ్‌ని నెట్టితే ఆ సందు తెరుచుకుని మూసుకుంటుంది. కొన్ని బండ్లలో బుష్ లోపల ద్రవం ఉంటుంది, చిరిగితే నల్లగా కారిన మరక కనిపిస్తుంది.

కొత్త బుష్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, మీ మెకానిక్‌ని అడగండి కూడా. బండి లిఫ్టు మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు పూర్తిగా బిగించకూడదు. బిగిస్తే ఏమవుతుంది? రబ్బరు వేలాడే స్థితిలో పట్టుబడిపోతుంది. బండి కిందికి దించగానే మెలి తిరిగి, ఆగి ఉన్నప్పుడు కూడా ఆ మెలిలోనే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. అప్పుడు అందరూ పార్టు నాసిరకం అంటారు. బోల్టు వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాక, మామూలు ఎత్తులో బిగించాలి. పదిసార్లు చెప్పినా తక్కువే: బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి.

స్టీరింగు తిప్పుతుంటే కిర్రుమని, స్ప్రింగు టంగ్ మని వదిలినట్టు శబ్దం వస్తే స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకరూ కలిసి ఉండే కట్ట, దాని పైన బాడీకి బిగించే మౌంటు, దాని బేరింగు. బానెట్ ఎత్తి, ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మీరు స్ప్రింగు మీద వేళ్ళు ఆనించండి. చుట్టల మధ్య మాత్రం వేళ్ళు దూర్చకండి. స్ప్రింగు సాఫీగా తిరక్కుండా ఆగి ఎగిరితే తెలిసిపోతుంది.

ఇప్పుడు చక్రాన్ని పట్టుకుని ఊపే పరీక్ష. ముందుగా ఒక మాట. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి. స్టాండ్లు వేయండి. ఇందులో మినహాయింపు లేదు. సరేనా? చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే అది బాల్ జాయింటో (ఆర్మ్‌ని చక్రానికి కలిపే గుండ్రటి కీలు) వీల్ బేరింగో. ఏది? ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు. కుడి ఎడమల పట్టుకుని ఊపితే కదిలేది టై రాడ్ ఎండు (స్టీరింగుని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు), లేదా స్టీరింగు రాక్ లోపలి జాయింటు. జాకీ ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండిలో జాకీ ఆ ఆర్మ్ కింద పెట్టాలి. అప్పుడే బాల్ జాయింటు మీద బరువు పోయి వదులు బయటపడుతుంది. స్ట్రట్ ఉన్న బండిలో బాడీ కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. తప్పు చోట పెడితే పూర్తిగా అరిగిన జాయింటు కూడా గట్టిగానే కనిపిస్తుంది.

అన్నీ బాగున్నాయి, అయినా ధబ్ మంటోంది అంటే? బండి ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఆటోమేటిక్ అయితే డి (ముందుకి) నుంచి ఆర్‌కి (వెనక్కి), ఆర్ నుంచి డి కి మార్చండి. అక్కడే ధబ్ మంటే అది సస్పెన్షన్ శబ్దం కాకపోవచ్చు. ఇంజనునీ గేర్‌బాక్సునీ బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు, చక్రాలకి శక్తి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ (దాని కీలు) చూడాలి.

పికప్ సంగతి

పికప్ లేదు అంటే మూడు ప్రశ్నలు. ఇంజనులో శక్తి పుట్టడం లేదా? పుట్టిన శక్తి దారిలో పోతోందా? లేక బండిని ఏదైనా వెనక్కి పట్టి లాగుతోందా? అందరూ మొదటి ప్రశ్నతో మొదలుపెడతారు. చివరి ప్రశ్నతో మొదలుపెట్టండి. దానికి బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ కూడా అక్కర్లేదు.

పది కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి ఆపండి. ప్రతి చక్రం దగ్గరికీ చెయ్యి తీసుకెళ్ళండి, తాకకండి. ఒక చక్రం మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్ పట్టేసింది, లేదా బేరింగు పోతోంది. ఫోర్ వీల్ డ్రైవ్ మీట మీద కూడా ఒక కన్ను వేయండి. పార్ట్ టైమ్ వ్యవస్థ (అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చేది) ఉన్న బండిలో అది పట్టుకుని ఉండిపోతే, పొడి రోడ్డు మీద మలుపులో బండి బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

ఇక పెద్ద టైర్లు. చాలామంది అందంగా ఉంటాయని వేయిస్తారు. 235/65 ఆర్ 17 టైరు వ్యాసం సుమారు 737 మిల్లీమీటర్లు. దాని బదులు 265/65 ఆర్ 17 వేస్తే సుమారు 776. ఐదు శాతం పెరిగింది. అంటే అదే గేరులో, అదే ఇంజనుతో, రోడ్డు మీద తోపు దాదాపు ఐదు శాతం తగ్గినట్టే. పైగా టైరు బరువెక్కింది కాబట్టి బాల్ జాయింట్లూ బుష్‌లూ త్వరగా అరుగుతాయి. చూశారా, పికప్ ఫిర్యాదూ శబ్దం ఫిర్యాదూ ఒకే చోట మొదలయ్యాయి. స్పీడోమీటరు కూడా వేగాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

రెండో ప్రశ్న, దారిలో పోవడం. మాన్యువల్ బండి అయితే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజను ఆర్‌పీఎం గబగబా పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే గేర్ ఆయిల్ రంగు, వాసన. మాడిన వాసన వస్తే గేర్‌బాక్సు తెలిసినవాళ్ళకే చూపించండి.

ఇప్పుడు ఇంజను. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ సంగతి మీకు తెలుసు, మార్చిన తేదీ రాసి పెట్టుకోండి చాలు. పొగ రంగు చూడండి. నల్ల పొగ అంటే ఇంధనానికి సరిపడా గాలి లేదు. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. ఇంజను వేడెక్కాక కూడా ఆగకుండా తెల్ల పొగ వస్తే కూలంటో (ఇంజనుని చల్లబరిచే ద్రవం), కాలని డీజిలో.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా, అది ఉన్న డీజిల్‌లో నేను మొదట చూసేది గొట్టాలు. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజనుకి వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టాలు. పై నుంచి చూస్తే నున్నగా, కొత్తవాటిలా ఉంటాయి. పగులు ఎప్పుడూ అడుగువైపో, క్లిప్పు కిందో ఉంటుంది. అద్దం, టార్చి తీసుకోండి, గొట్టాన్ని చేత్తో వంచండి. ఆ గొట్టాల లోపల కొంచెం నూనె తడి ఉండటం మామూలే, క్రాంక్‌కేసు (ఇంజను అడుగు భాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి అటే పోతుంది కాబట్టి. పగులు ఉంటే ఒత్తిడికి ఆ తడి బయటికి చిమ్మి, అక్కడ మాత్రం నల్లగా జిడ్డుగా ధూళి పేరుకుంటుంది. ఆ మరక మీద వేలు పెట్టి గొట్టం వంచితే పగులు నోరు తెరుస్తుంది. ఎత్తు ఎక్కుతూ, అంటే ఇంజను మీద బరువు పడుతుండగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, నల్ల పొగ, పికప్ లేకపోవడం, ఈ మూడూ కలిసి వస్తే ఆ గొట్టమే మొదటి అనుమానం.

స్కానర్ గురించి గట్టిగా చెప్పాలనుంది. స్కానర్‌లో పీ0299 అనే లోపం కోడ్ వస్తుంది. టర్బో ఒత్తిడి కావలసినంత లేదు అని దాని అర్థం. టర్బో పాడైంది అని కాదు! ఆ ఒక్క కోడ్ చూసి టర్బో మార్చిన బండ్లున్నాయి. గొట్టం పగిలినా, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్‌కి వెళ్ళే సన్నటి వాక్యూమ్ పైపు ఊడినా, టర్బో లోపలి చిన్న రెక్కలు (వేన్లు) మసితో పట్టేసినా అదే కోడ్ వస్తుంది. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది మార్చాలో చెప్పదు. చూసిన వెంటనే కోడ్ చెరిపేయకండి. దానితోపాటు ఆ క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఉష్ణోగ్రత నమోదై ఉంటాయి, ముందు అవి రాసుకోండి.

స్కానర్ అసలు ఉపయోగం బండి నడుస్తున్నప్పుడు అంకెలు చూడటంలో ఉంది. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇంజనులోకి వెళ్ళే గాలి ఒత్తిడి కొలిచేది) చూడండి. సముద్ర మట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్ చూపించాలి, ఎత్తైన ప్రాంతంలో అంతకన్నా తక్కువ. అక్కడే తేడా ఉంటే సెన్సర్‌నే అనుమానించాలి. తర్వాత పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కుతూ చూడండి, స్క్రీను చూసే పని వాళ్ళది. కంప్యూటర్ అడిగిన టర్బో ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి. అడిగిన రైలు ఒత్తిడి, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ ఇచ్చే గొట్టంలోని ఒత్తిడి, వచ్చిన రైలు ఒత్తిడి. ఇంజను మీద బరువు పడ్డప్పుడు డీజిల్ ఒత్తిడి పడిపోతుంటే ఫిల్టరూ పంపూ వైపు వెళ్ళాలి. అది నిలబడి గాలి ఒత్తిడి పడిపోతుంటే గొట్టాలూ టర్బో వైపు. పావుగంటలో సగం అనుమానాలు తీరిపోతాయి. కూలంట్ ఉష్ణోగ్రత ఎంత దూరం నడిపినా 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతే థర్మోస్టాట్ (కూలంట్ దారిని అదుపు చేసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది. మైలేజీ తగ్గడానికి అదీ ఒక కారణం.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి కాల్చే ఫిల్టరు) ఉన్న డీజిల్ బండి ఎప్పుడూ తక్కువ దూరాలే తిరిగితే మసి కాలడానికి కావలసిన వేడి రాదు. కంప్యూటర్ పదేపదే ప్రయత్నిస్తుంది, అదనపు డీజిల్ కొంత ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోందా? సంతోషించకండి. పల్చబడిన ఆయిల్ టర్బో బేరింగుని తినేస్తుంది, వెంటనే మార్పించండి. పెట్రోలు బండిలో చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్ అవుతోంది, కాలని పెట్రోలు వెళ్ళి పొగని శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. వేగం తగ్గించి ప్లగ్గులూ కాయిల్సూ చూపించండి.

రిపేరు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద, వేగపరిమితికి లోబడి, మూడో గేరులో 40 నుంచి 80 దాకా ఎన్ని సెకన్లు పట్టిందో కొలవండి. వెళ్ళేటప్పుడు ఒకసారి, అదే రోడ్డు మీద తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి. వాలు, గాలి తేడా పోతుంది. రిపేరుకి ముందు, తర్వాత అదే రోడ్డు, అదే బరువు. ఒకేసారి నాలుగు పార్టులు మార్చకండి. మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఒకరు చీటీ పంపారు. అన్నీ ఒకేసారి చేయించలేం, ఏది ముందు అని అడిగారు. మంచి ప్రశ్న. బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, బ్రేకులు, పగిలిన టైరు ముందు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, అది వారం వాయిదా వేసే పని కాదు. తర్వాత షాకర్లు, ఆర్మ్ బుష్‌లు, వాటి వెంటే అలైన్‌మెంటు. అలైన్‌మెంటు ముందు చేయించి తర్వాత బుష్‌లు మారిస్తే ఆ డబ్బు వృథా. లింక్ రాడ్డు శబ్దం చెవులకి చిరాకే, కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు. పికప్ పనుల్లో గొట్టాలూ ఫిల్టర్లూ ముందు, టర్బో, ఇంజెక్టర్లు ఆఖరున.

ఇంకొకరు, ఇంత ఖర్చు పెట్టవచ్చా, అమ్మేయాలా అని అడిగారు. దానికి జవాబు ఇంజను చెప్పదండీ, ఛాసిస్, అంటే బండి కింది ఇనుప చట్రం, చెబుతుంది. ఏ పార్టయినా మార్చవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్‌ని బాగుచేయడం చాలా పెద్ద పని, చాలాసార్లు గిట్టుబాటు కాదు. వెనక చక్రాల మీదుగా ఛాసిస్ వంగే చోట, స్ప్రింగు కూర్చునే చోట, ఆర్ములు బిగించే బ్రాకెట్ల దగ్గర చిన్న సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే ఇనుము బాగుంది. డొల్లగా మోగి పెచ్చులు రాలితే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. లోపలికి దిగిపోతే ఆ బండికి కొత్త షాకర్లు కొనకండి. దిగకపోతే, ఆ చోట్లు శుభ్రం చేసి తుప్పు పట్టని పూత వేయించి, ఇందాక చెప్పిన వరుసలో పని మొదలుపెట్టండి.